చక్కెర సీస: పగలడం కోసమే పుట్టిన గాజు కథ

ముందుగాల నా ఎడమ చెయ్యి చూపిస్త. వీడియో చూడకుండ ఇక్కడ చదువుతున్నోళ్ల కోసం చెప్తున్న, బొటనవేలు కింద అంగుళం పొడుగు తెల్లటి గీత ఉంది. మూడు కుట్లు పడ్డయి. ఇయ్యాల ఎపిసోడ్ ఈ గీత కాడి నుంచే మొదలైతది.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు కాలేజీ డేకు ఒక స్కిట్ వేసినం. నాది విలన్ పక్కన నిలబడే రౌడీ వేషం. డైలాగులు లేవు. హీరో వచ్చి నా నెత్తి మీద సీస పగలగొడ్తడు, నేను కింద పడ్త, జనం చప్పట్లు కొడ్తరు. అంతే. సినిమాల ఎన్నిసార్లు చూడలేదు, ఒక్క దెబ్బకు సీస పొడిపొడి అయితది కదా! అట్లనే అయితదనుకొని రిహార్సల్‌ల నిజం సీస పట్టుకున్నం. భయమేసి నెత్తికి చెయ్యి అడ్డం పెట్టిన. తగిలింది, కళ్లల్ల నీళ్లు తిరిగినయి, సీస మాత్రం పగల్లేదు. "ముందే కొంచెం పగుల్లు పెడదాం రా" అని మావోడు దాన్ని స్టేజీ అంచుకు కొట్టిండు. అప్పుడు పగిలింది. సీస మెడ వాని చేతుల ఉండిపోయింది, పెంకు వచ్చి నా చేతుల దిగింది.

తర్వాత చాన్నాళ్లకు చదివి తెలుసుకున్న ముచ్చట చెప్త. స్విట్జర్లాండ్‌ల బెర్న్ యూనివర్సిటీ ఫోరెన్సిక్ డాక్టర్లు అర లీటర్ బీరు సీసల మీద పరీక్ష చేసిన్రు. నిండు సీస 30 జౌల్స్ శక్తి తగిలితే పగిలింది. ఖాళీ సీస 40 జౌల్స్ దాక తట్టుకుంది. మనం ఖాళీదే నయం అనుకుంటం, చూడబోతే అదే ఇంకా గట్టిది. ఈ రెండు దెబ్బలూ మనిషి పుర్రె పగలడానికి సరిపోతయి. అంటే సీస పగిలే లోపలే నెత్తి పగులుతది. ఈ పరీక్షకు 2009ల ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చిన్రు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. నా చేతి గీత చూసుకుంటే నాకు రెండూ అయితయి.

మరి సినిమాల పగిలేది ఏంది? చాలాకాలం దాక అది చక్కెర. ఉట్టి చక్కెర పాకం. గాజు లెక్కనే కనబడ్తది, తగిలితే పెంకులైతది. దాన్ని షుగర్ గ్లాస్ అంటరు, క్యాండీ గ్లాస్ అంటరు.

ఆ క్యాండీ అనే మాట కాడ ఒక్క నిమిషం ఆగుదాం. అది ఇంగ్లీషు మాట అనుకుంటం కదా. సంస్కృతంల ఖండం. ఖండం అంటే ముక్క, విరిగింది. మనం ఖండించుడు అంటమే, ఆ ఖండమే. కౌటిల్యుని అర్థశాస్త్రంల చెరకు సరుకుల పట్టీ ఒకటి ఉంది. ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని వరుసగ చెప్తడు. ఆ ఖండమే పారసీకంల కంద్ అయి, అరబ్బీ మీదుగ యూరప్ పోయి క్యాండీ అయింది. శర్కర అంటే మొదలు గులకరాయి, ఇసుక రేణువు. అదే మన చక్కెర, హిందీ శక్కర్, ఇంగ్లీషు షుగర్. అంటే క్యాండీ గ్లాస్ అన్న పేరులనే పగిలే గుణం ఉంది. పేరు పెట్టినోళ్లకు ఈ సంగతి యాదికి ఉండి పెట్టిండ్రని నేననుకోను, కానీ నాకు మస్తు నచ్చింది.

చక్కెరతోని వస్తువు చేసి, ముచ్చటగ పగలగొట్టుడు సినిమా కంటే శానా పాతది. 1574ల ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ పోలెండ్ నుంచి ఇంటికి పోతూ వెనిస్‌ల ఆగిండు. అక్కడ ఆయనకు విందు ఇచ్చిన్రు. బల్ల మీది పళ్లాలు, చెంచాలు, ఆఖరుకు చేతులు తుడుచుకునే గుడ్డలు గూడ చక్కెరతోనే చేసి పెట్టిన్రట. రాజు గుడ్డ అనుకొని చేతుల పట్టుకుంటే అది విరిగింది. నా లెక్కల అదీ ఒక ప్రాప్ గ్లాసే. సూసేటోన్ని మోసం చేసుడు, ఎవరికీ దెబ్బ తగలకపోవుడు, చివరికి తినేసుడు. కాకపోతే అప్పటి వంట వేరు. చక్కెర పొడిల బంక కలిపి, పిండి లెక్క పిసికి ఆకారాలు చేసేటోళ్లు. అది తెల్లగ ఉంటది, అవతలికి కనబడదు. అవతలికి కనబడే చక్కెర కావాలంటే పాకం పట్టాలె.

ఇగ మన కాడికి వద్దాం. మీ ఇంట్ల పల్లిపట్టి డబ్బా ఉందా? పాలమూరు దిక్కు, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల అంటేనే పల్లీలు. యాసంగిల ఎటు చూసినా పల్లి చేన్లే. ఆ పల్లీలను పట్టుకొని ఉండే పాకం ఉంది చూడండి, పటుక్కున విరిగేది, నాలుక మీద పెడితే అంచు కోసుకునేది, అదే షుగర్ గ్లాస్. బెల్లం కాబట్టి ఎర్రగ ఉంటది, అంతే తేడా. మా నాయినమ్మ గిన్నెల చల్లనీళ్లు పెట్టుకొని పాకం చుక్క వేసేది. అది ఉండయితే అరిసెలకు, టంగుమని గిన్నెకు కొట్టుకుంటే పల్లిపట్టికి. ఆమెకు డిగ్రీల లెక్క అక్కర లేదు, చెవితోనే చూసేది. హాలీవుడ్ ప్రాప్ పనోళ్లు థర్మామీటర్ పెట్టి 150 డిగ్రీల సెల్సియస్ కాడ పొయ్యి బంద్ చేస్తరు. టంగుమనేది గూడ దాదాపు ఆ వేడి కాడనే.

ఇంకో రెండు చక్కెరలు గూడ చూద్దాం. ఒకటి పటికబెల్లం. పెద్ద పెద్ద పలకలు, వజ్రాల లెక్క. ఇంకోటి కాముని పున్నమికి మెడల వేసుకునే పేర్లు. చిన్నప్పుడు అమ్మమ్మ కొనిచ్చిన కుడుకల పేర్లు మెడల వేసుకొని, వీధంత తిరిగి, ఒక్కొక్క బిళ్ల కొరుక్కుంట వచ్చినోళ్లకు నేను వివరం చెప్పే పని లేదు. హైదరాబాద్‌ల పుట్టి పెరిగినోళ్లకు చెప్తున్న: దారానికి తెల్లటి చక్కెర బిళ్లలు వరుసగ అంటుకొని ఉంటయి. పక్కన ఎండు కొబ్బరి కుడుకలు. హోలీ రోజు పిల్లల మెడల వేస్తరు. మరాఠీ దిక్కు గూడ ఇసువంటివే ఉగాదికి వాడ్తరు.

పల్లిపట్టి, పటికబెల్లం, పేర్లు. మూడూ తీపి పాకమే, మూడూ గట్టిగనే ఉంటయి, కానీ లోపల మూడూ వేరు. బడిల ప్రేయర్ యాది చేసుకోండి. పోరగాళ్లంతా లైన్ల నిలబడితే అది స్ఫటికం. పటికబెల్లం అట్ల, ఒకటే పెద్ద లైన్. పేర్లల్ల వేల చిన్న చిన్న లైన్లు, ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తది. వెలుతురు వాటి మధ్యల చిక్కుకొని అటూ ఇటూ కొట్టుకుంటది కాబట్టి తెల్లగ కనబడ్తది. ఇగ పల్లిపట్టి పాకం స్టాచ్యూ ఆట లాంటిది. ఉరుకుతున్న పోరగాళ్లను స్టాచ్యూ అంటే ఎక్కడోడు అక్కడ ఆగిపోతడు. లైన్ లేదు, గియిన్ లేదు. లైన్ కట్టేంత టైము దొరకకుండ గడ్డకట్టింది. అదే గాజు గుణం. కిటికీ గాజు గూడ లోపల అట్లనే ఉంటది. చక్కెర గాజును గాజు అనుడు పోలిక కాదు, నిజంగనే అది గాజు.

కాబట్టి షుగర్ గ్లాస్ చేసుడంటే చక్కెరను లైన్ కట్టనీయకపోవుడు. పనంత అదే. పాకం మరిగేటప్పుడు గిన్నె అంచుకు ఒక్క చక్కెర గింజ అంటుకొని ఉన్నా సరే, అది లీడర్ లెక్క నిలబడి మిగిలినోళ్లందర్నీ లైన్లకు పిలుస్తది. పొద్దున చూస్తే పలకంత మబ్బు మబ్బుగ తెల్లబడి ఉంటది. అందుకే అంచులను తడి బ్రష్‌తోని తుడుస్తరు, చక్కెర కరిగినంక గంటె పెట్టి తిప్పరు, పాకంల లిక్విడ్ గ్లూకోజ్ కలుపుతరు. గ్లూకోజ్ వేరే బడి పోరడు. లైన్ల మధ్యల దూరి లైన్ కుదరనీయడు.

సినిమావోళ్లకు ఇది ఎందుకు పనికొచ్చింది? చవక. ఎక్కడన్న దొరుకుతది. ఎంత పలుచగ కావాలంటే అంత పలుచగ పోసుకోవచ్చు. నిజం గాజు కంటే శానా బలహీనం. కానీ చక్కెరకు రెండు పగలు. ఒకటి తేమ, రెండోది వేడి. చక్కెర గాలిలనుంచి నీళ్లు గుంజుకుంటది. గుంజుకున్నంక పైన జిగటగ అయితది, మెత్తబడ్తది, పగలకుండ సాగుతది. స్టూడియో లైట్ల కింద పెడితే వంగుతది. అందుకే పొద్దున పోసింది పొద్దుగూకే లోపల పగలగొట్టాలె అనే లెక్క.

ఇప్పుడు మన తెలుగు సినిమా ఎక్కడ పెరిగిందో చూడండి. మద్రాసుల. సముద్రం పక్కన, ఏడాదికి దగ్గర దగ్గర 1400 మిల్లీమీటర్ల వాన, ఎండాకాలంల గూడ ఒంటికి అంటుకునే ఉక్క. చక్కెరతోని పనిచేసేటోళ్లకు అంతకంటే చెడ్డ ఊరు ఉండదు. మన పాలమూరుల సగటు వాన 600 మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఈ ఎండిన నేల వల్లనే మనోళ్లు తట్ట, పార పట్టుకొని డ్యాములు కట్టుకుంట దేశం మీద తిరిగిన్రు. పాలమూరు లేబర్ అనే పేరు ఊరికే రాలేదు. ఆ కరువును నేను పొగుడుతలేను. ఒక్క చక్కెర గాజు విషయంలనే ఈ పొడి గాలి మనకు కలిసొచ్చింది అంటున్న.

మద్రాసు పోయిన మనోల్లల్ల పెద్ద పేరు కాంతారావుది. 1923 నవంబర్ 16న కోదాడ దగ్గర గుడిబండల పుట్టిండు. అప్పుడది నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. కత్తి కాంతారావు అని మీ తాతల్ని అడగండి, చెయ్యి ఊపి చూపిస్తరు. 1953ల ప్రతిజ్ఞ సినిమాతోని హీరో అయిండు. తర్వాత విఠలాచార్య తీసిన జానపదాలల్ల గుర్రమెక్కి, కత్తి తిప్పి, రాక్షసులతోని కొట్లాడిండు. 1963ల వచ్చిన గురువును మించిన శిష్యుడు ఆ వరుసలదే. విఠలాచార్య తక్కువ డబ్బుతోని దయ్యాలను, అస్థిపంజరాలను చూపించిన మనిషి. కంప్యూటర్ లేదు, గ్రాఫిక్స్ లేవు. తాడు, వెదురు, గుడ్డ, మట్టి, కెమెరా ట్రిక్కు, అంతే. రాజుల కథలు కాబట్టి ఆ సినిమాల్ల సీసలు ఉండవు. కుండలు పగులుతయి, బల్లలు విరుగుతయి. సీస పగలాలంటే క్లబ్బు రావాలె, గూఢచారి రావాలె, కౌబాయ్ రావాలె. 1966ల గూఢచారి 116, 1971ల మోసగాళ్లకు మోసగాడు వచ్చినంక కొట్లాట అంటే బారు, బారంటే అద్దాల అలమర, అలమర అంటే అది మొత్తం కూలుడు.

అదే 1963ల ఇంకోటి జరిగింది. లవకుశ వచ్చింది, పూర్తి రంగుల్ల తీసిన తొలి తెలుగు సినిమా. అండ్ల లక్ష్మణుడు మన కాంతారావే. రంగు రాకతో ప్రాప్ పనోళ్లకు ఒక చిక్కు వచ్చిపడ్తది. నలుపు తెలుపుల చక్కెర గాజు కొంచెం పసుపు పచ్చగ ఉన్నా ఎవరికి తెలుస్తది? రంగుల్ల దొరికిపోతరు. అందుకే చక్కెర సీసను ఆకుపచ్చగనో గోధుమ రంగుగనో చేస్తే పని సులువు. రంగు చుక్క వేస్తే పసుపు దాచుకుంటది. మీరు చూసే ఫైట్లల్ల పగిలే సీసలు ఎక్కువ ఏ రంగుల ఉంటయో ఈసారి జర గమనించండి.

కాంతారావు సంగతి ఇంకో మాట చెప్పి ముందుకు పోత. తెర మీద అన్ని కత్తులు తిప్పిన మనిషి, సప్తస్వరాలు లాంటి సొంత సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నడు. 2009 మార్చి 22న హైదరాబాద్‌ల పోయిండు. తెర మీద పడే దెబ్బ ఉత్తదే, దాని ఎనక మనిషికి పడేది ఉత్తది కాదు. హీరో పేరన్న మనకు యాదికుంది. సీస నెత్తి మీద పగిలించుకున్న ఫైటర్ల పేర్లు టైటిల్స్‌ల ఎంత వేగంగ పోతయో చూస్తనే ఉన్నం. సీస చేసినోని పేరైతే అసలే రాదు.

1976ల అన్నపూర్ణ స్టూడియో, 1996ల రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చేసరికి సినిమా మెల్లగ మన దక్కన్ పీఠభూమి ఎక్కింది. నల్లగొండ బస్సెక్కి హైదరాబాద్ పోతుంటే ఫిల్మ్ సిటీ బోర్డు రోడ్డు పక్కనే కనబడ్తది. పొడి గాలి కాడికి సినిమా వచ్చింది గని, అప్పటికి ప్రపంచంల చక్కెర కాలం దాటిపోతున్నది. పిక్కోటెక్స్ లాంటి రెసిన్లు వచ్చినయి. కరిగించి పోస్తే నీళ్ల లెక్క తేటగ ఉంటయి, తేమకు జిగట కావు, చీమలు పట్టవు. పెద్ద కిటికీలకు టెంపర్డ్ గ్లాస్ పెట్టి చిన్న మందుగుండుతోని పేలుస్తరు. రెసిన్ కరిగిస్తే వచ్చే ఆవిరి మంచిది కాదు. అది వర్క్‌షాపు పని, వంటింటి పని కాదు. ఇంట్ల చేసుకునేటోళ్లకు ఇప్పటికీ చక్కెరే దిక్కు.

చక్కెర పూర్తిగ పోయిందనుకునేరు. బ్రేకింగ్ బ్యాడ్ సిరీస్ చూసినోళ్లు కామెంట్ల చేతులెత్తండి. అండ్ల నీలం రంగు మత్తు మందు గడ్డలు ఉంటయి కదా, మొదట్ల అవి అల్బుకర్కీ ఊర్ల ఒక క్యాండీ దుకాణం వాళ్లు చేసిచ్చిన చక్కెర. నటులు నోట్ల వేసుకున్నా ఏం గాదు.

సరే, ఇగ నా ప్రయోగాల కథ. కుట్లు మానినంక నాకు పంతం పట్టింది. వచ్చే ఏడు అదే స్కిట్ వేస్తం, సీస పగులుతది, ఎవరికీ గీత పడదు.

మొదటిది ఆగస్టుల చేసిన. నిమ్మరసం పిండితే పాకం గడ్డకట్టకుండ ఆగుతదని విన్న. నకిరేకల్ నిమ్మకాయలకు మా దిక్కు కరువా! రెండు కాయలు పిండిన. నిమ్మ పులుపు చక్కెరను విడగొట్టి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చేస్తది, అందుకే లైన్ కట్టదు, అంతవరకు నిజమే. కానీ ఫ్రక్టోజ్ తేమను ఇంకా ఎక్కువ గుంజుకుంటది, తొందరగ ఎర్రబడ్తది. రాత్రి పది గంటలకు పలక అద్దం లెక్క ఉంది. పొద్దున లేచి చూస్తే పసుపు పచ్చటి జిగురు, దాని చుట్టూ చీమల జాతర. అమ్మ ఏమన్నదో ఇక్కడ చెప్పను.

రెండోది మే నెల. వాన లేదు, తేమ లేదు, ఇదే కాలం అనుకున్న. నిమ్మ బంద్, బేకరీ సామాన్ల దుకాణంల లిక్విడ్ గ్లూకోజ్ తెచ్చిన. పలక మస్తుగ వచ్చింది. గోడకు ఆనిచ్చి పెట్టి అన్నం తినొచ్చేసరికి విల్లు లెక్క వంగింది. అప్పుడు అర్థమైంది. నీళ్లు అసలే లేని చక్కెర గాజు 60 డిగ్రీలు దాటితే గని మెత్తబడదు. మనం ఇంట్ల చేసేదాంట్ల రెండు మూడు శాతం నీళ్లు మిగుల్తయి, పైగా గ్లూకోజ్ ఉంటది. అది 40 డిగ్రీల కాడనే వంగుడు మొదలువెడ్తది. మన మే నెల ఎండ సంగతి మీకు తెలుసు.

అట్ల చేతులెత్తేసినంక పేర్లు పోసే తాత దగ్గరికి పోయిన. మా బజార్ల పెద్దమనిషి, కాముని పున్నమికి ముందు నెల రోజులు ఆయన కొట్టంల అదే పని. పేరు చెప్పొద్దన్నడు, చెప్తలేను. పెద్ద కడాయిల పాకం మరుగుతున్నది. ఇన్ని పాలు చిలకరిస్తే మురికి నురుగై పైకి తేలింది, తీసేసిండు. తర్వాత గంటెతోని కొంచెం పాకం తీసుకొని కడాయి అంచుకు గట్టిగ రుద్దుడు మొదలువెట్టిండు. రుద్దిన కాడ పాకం పాల లెక్క తెల్లబడ్డది. దాన్ని మళ్ల లోపలికి కలిపిండు. చెక్క అచ్చులల్ల దారం పరిచి ఉంది, గబగబ పోసిండు. కొంచెం సేపటికి అచ్చు విప్పితే దారానికి బిళ్లలు.

నేను చూసుకుంట నిలబడ్డ. నేను ఏడాది సంది ఏది కాకుండ ఆపాలని చస్తున్ననో, ఆయన కావాలని అదే చేస్తున్నడు. అంచుకు రుద్దుడంటే గింజను పుట్టించుడు, లీడర్‌ను నిలబెట్టుడు.

"తాతా, రుద్దకుంటే ఏమైతది?" అని అడిగిన.

"చెడిపోతది బిడ్డా. గాజు లెక్క అయితది. అచ్చుకు అంటుకుంటది, ఎవడు కొంటడు?"

"నాకు ఆ చెడిపోయిందే కావాలె తాతా."

నన్ను కిందికి మీదికి చూసిండు. ఎందుకని అడిగిండు, చెప్పిన. చెయ్యి చూపించిన. కాసేపు నవ్విండు, తర్వాత తన పాకం ఎట్లెట్ల చెడిపోతదో ఒక్కొక్కటి చెప్పుకొచ్చిండు. కడాయి మరీ శుభ్రంగ తోమితే చెడిపోతది. మూత పెడితే ఆవిరి అంచులను కడుగుతది, అప్పుడూ చెడిపోతది. నిన్నటి గంటె వాడకుండ కొత్త గంటె వాడితే తెల్లబడడానికి ఆలస్యమైతది. మబ్బు పట్టిన రోజు పనే పెట్టుకోడు. ఆయన చెయ్యొద్దన్నవన్నీ నేను రాసుకున్న, అవే నా వంట అయినయి. ఇంటర్నెట్‌ల నేను చూసిన ఏ వీడియోల గూడ మూత సంగతి ఇంత సక్కగ చెప్పలేదు.

ఆయన పని చేసే కాలం చూడండి. ఫాల్గుణం. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు, గాలిల తేమ తక్కువ. చక్కెర పనికి మన దిక్కు ఏడాదిల అంతకంటే మంచి నెల లేదు. పండుగను చూసి పేర్లు పుట్టినయా, కాలం కలిసొచ్చి పండుగకు చేరినయా అంటే నేను రెండోదాని దిక్కే మొగ్గుత.

మీరు చేసుకుంటమంటే నా లెక్క ఇది. రెండు గ్లాసుల చక్కెర, ఒక గ్లాసు నీళ్లు, ముప్పావు గ్లాసు లిక్విడ్ గ్లూకోజ్. శుభ్రమైన మందపాటి గిన్నె. కరిగేదాక తిప్పి, తర్వాత గంటె ముట్టొద్దు. మరుగు మొదలైనంక రెండు నిమిషాలు మూత పెట్టి తీయండి. థర్మామీటర్‌ల 150 దాటంగనే దింపండి, 160 దాక పోతే ఎర్రబడ్తది. బుడగలు అణిగినంక నెయ్యి రాసిన స్టీలు పళ్లెంల రెండు మూడు మిల్లీమీటర్ల మందం పోయండి. సీస కావాలంటే సిలికాన్ అచ్చు కావాలె, రెండు సగాలు పోసి వేడి పాకంతోనే అతికించాలె. ఒకటి మాత్రం గట్టిగ చెప్తున్న. ఈ పాకం మరిగే నీళ్ల కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడి, పైగా చర్మానికి అంటుకుంటే వదలదు. చిన్న పిల్లలు పొయ్యి కాడ ఉండొద్దు. కాలితే పేస్టు గీస్టు రాయకుండ 20 నిమిషాలు నల్లా కింద పెట్టి డాక్టర్ దగ్గరికి పోండి. పగిలినంక చక్కెర పెంకు గూడ కోసుకుంటది, కంట్ల పడితే ప్రమాదమే. కళ్లు మూసుకొని, సీస నడుము భాగం తగిలేటట్టు కొట్టించుకోవాలె. అడుగు భాగం మందంగ ఉంటది, అది నెత్తికి తగలొద్దు. ఇగ రీల్స్ కోసం ట్యూబ్‌లైట్లు ఒంటి మీద పగలగొట్టుకునే తమ్ముళ్లకు, ఆ గొట్టంల పాదరసం ఆవిరి ఉంటది.

మా స్కిట్ ఆ మార్చిలనే పడ్డది. తాత ఇచ్చిన కడాయిల మూడు సీసలు పోసిన, ఆకుపచ్చ రంగు చుక్క వేసి. ఒకటి కాలేజీకి పోయే దార్ల స్పీడ్ బ్రేకర్ కాడ ఆటోలనే పగిలింది, డ్రైవరన్న నేను చెప్పేదాక వణికిపోయిండు. రెండోది రిహార్సల్‌ల పోయింది. మూడోది స్టేజీ మీద నా నెత్తి మీద పగిలింది. నొప్పి లేదు, చెవి పక్కన ఎవరో అప్పడం విరిచినట్టు అనిపించింది. కానీ చక్కెర సీసకు గాజు చప్పుడు రాదు. టప్ అని చిన్నగ అంటది, అంతే. సినిమాల ఆ ఛల్లుమనే శబ్దం తర్వాత కలుపుతరు. మావోడు ఫోన్ల గాజు పగిలిన శబ్దం పెట్టుకొని మైకు కాడ నిలబడ్డడు గని, ఒక సెకను ఆలస్యంగ నొక్కిండు. నేను కింద పడ్డంక ఛల్లుమన్నది. హాలంత నవ్వు. సీరియస్ సీను మొత్తం పాడైంది.

కర్టెన్ పడ్డంక ముందు వరుసల కూచున్న చిన్న పిల్లలు స్టేజీ ఎక్కి పెంకులు ఏరుకొని తినుడు మొదలువెట్టిన్రు. వద్దని ఉరికించేసరికి సగం అయిపోయినయి. ఒక పాప మాత్రం ఆకుపచ్చ నాలుక బయటపెట్టి, ఇంకో సీస ఉందా అన్నా అని అడిగింది.